శుక్ర మూఢంలో ఫిజిక్స్ పరీక్ష

ఈ లెక్చరర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నంద్యాలలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడం, పాస్ పర్సెంటేజీ పెంచాలంటే ఏం చెయ్యాల?" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. అది తెలిసినవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వాళ్ళ ఫోటోలు ఫ్లెక్సీల మీద ఉంటాయి, పోయి వాళ్ళనే అడగండి అంటాను. వాళ్ళు నవ్వుతారు. కాఫీ అయిపోయినా లేవరు. అప్పుడు నేను అసలు సంగతులు మొదలుపెడతాను. ఈ రాత కూడా వాళ్ళ పోరు పడలేకే.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసు సగం ఆళ్లగడ్డలో, సగం నంద్యాలలో గడిచింది. మాది గోస్పాడు దగ్గర పల్లె. కాలువ కింద వరి పండించే క్రిస్టియన్ కుటుంబం. క్రిస్మస్‌కు చర్చి మీద కట్టే కాగితపు చుక్క తప్ప ఆకాశంలో చుక్కల గురించి మా ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. నాకు మాత్రం ఆ కాగితపు చుక్కలోని బల్బు ఆరిపోయినప్పుడల్లా ఒక అనుమానం వచ్చేది, పైనున్న చుక్కలు ఎందుకు ఆరిపోవు అని. ఆ అనుమానమే నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టింది.

ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఇన్‌స్పెక్షన్లు వదిలేస్తున్నాను. అవి ఎవరికైనా ఒకటే.

ఉలి రంగు

ఆళ్లగడ్డలో చేరిన కొత్తలో ఒక పిల్ల లేచి అడిగింది: "మేడం, పైన గాలి లేదంటిరి. గాలి లేకుంటే పొయ్యే మండదు గదా, సూర్యుడెట్ల మండుతాండాడు?"

నేను వెంటనే బోర్డు మీద సమీకరణం రాశాను. అందరూ శ్రద్ధగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని వాళ్ళ ముఖాల్లోనే తెలిసిపోయింది. అర్థం కానిది అందంగా రాసుకోవడంలో మన పిల్లల్ని మించినవాళ్ళు లేరు.

మర్నాడు వాళ్ళను శిల్పుల షెడ్డుకు తీసుకుపోయాను. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు మీకు తెలిసినవే. మొద్దుబారిన ఉలిని కాల్చి సాగగొట్టడానికి అక్కడ చిన్న కొలిమి ఉంటుంది. పని చేస్తున్న శిల్పిని, "ఉలి కాలిందని ఎట్లా తెలుస్తుందన్నా?" అని అడిగాను.

"రంగే చెప్తాది మేడం," అన్నాడు ఆయన. "మొదట కుంకుమ రంగుకొస్తాది. పసుపుకొస్తే తియ్యాల. తెల్లగయిందంటే ఇంక ఆ ఉలి మీద ఆశ ఇడ్సుకోవాల్సిందే."

అదే పాఠం. నిప్పు అంటుకోకపోయినా, ఏ వస్తువైనా వేడెక్కితే వెలుగుతుంది. ఎంత వేడో దాని రంగు చెబుతుంది. జ్యేష్ఠ నక్షత్రం ఎర్రగా ఉంటుంది, అంటే కాస్త చల్లనిది. చిత్త నీలం కలిసిన తెలుపు, దాని వేడి ముందు మన సూర్యుడు కూడా చాలడు. పిల్లలు ఆ సాయంత్రం ఇళ్ళకు పోయి మిద్దెల మీద చుక్కల రంగులు చూశారు. చుక్కలకు రంగులుంటాయని తమకు ఇన్నాళ్ళూ తెలియదని మర్నాడు వాళ్ళే చెప్పారు.

అయితే ఉలిని బొగ్గులు కాలుస్తాయి. చుక్కను ఎవరు కాలుస్తారు? దాని బరువే. అంత బరువు నలువైపుల నుంచీ నొక్కుతుంటే, నడిమధ్యలో హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానిలో ఒకటి దూరి హీలియంగా మారిపోతాయి. మారేటప్పుడు పిసరంత బరువు తగ్గుతుంది. ఆ తగ్గిన పిసరే వెలుగు. ఆ వెలుగు సూటిగా బయటికి రాలేదు. తిరునాళ్ళలో చిక్కుకున్న మనిషిలాగా అటు తోసి, ఇటు తోసి, వేల ఏళ్ళకు గానీ పైకి చేరదు. పైకి వచ్చాక మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఈ మాట ఎప్పుడు చెప్పినా క్లాసు నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఏటా ఆ పాఠం కోసం ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే మనసు దానికోసమే కొట్టుకుంటుంది.

కళ్ళంలో ఎడ్లు

నంద్యాలలో గ్రహాల పాఠం చెబుతూ ఒకసారి నాకు నేనే మెచ్చుకున్న పోలిక ఒకటి వాడాను. కళ్ళంలో నడిమి గుంజకు కట్టిన ఎడ్లు తిరిగినట్టు గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి, లోపలి బుధుడు వేగంగా, బయటి శని నిదానంగా అన్నాను. పాములపాడు నుంచి వచ్చే మద్దిలేటి చెయ్యెత్తాడు.

"మేడం, మీరు ఎప్పుడన్నా కళ్ళం తొక్కిచ్చినారా?"

"మాదీ సేద్యమే అప్పా. ఎందుకు?"

"గుంజకాడి ఎద్దు నిలబడినట్టే ఉంటాది గదా మేడం. కొసాకు కట్టిందే ఉరకల్ల. అందుకే ముసలి ఎద్దును లోపల కడ్తారు. మీరేమో లోపలిది ఉరుకుతాదంటాండారు."

క్లాసంతా గొల్లుమంది. మా కళ్ళంలో నేనే స్వయంగా ఎడ్ల వెనక తిరిగినదాన్ని! చూసిన కళ్ళు చూసినట్టే ఉన్నాయి, నోరు మాత్రం పుస్తకం చెప్పింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి బోర్డు దగ్గర దాన్ని తేల్చాం. ఎడ్లను ఒకే తాడుకు కడతారు, అన్నీ కలిసే తిరగాలి. గ్రహాలకు ఆ తాడు లేదు. దేని దారి దానిదే. దగ్గరున్నదాన్ని సూర్యుడు గట్టిగా లాగుతాడు. ఆ లాగుడుకు సూర్యుడిలో పడిపోకుండా ఉండాలంటే పక్కకు జోరుగా ఉరకాలి. దూరాన ఉన్నదానికి లాగుడు తక్కువ, నిదానంగా నడిచినా నడుస్తుంది.

ఆ తర్వాత ఏటా అదే పోలిక చెప్పాను, తప్పు పోలికగా. తప్పెక్కడుందో పట్టుకోండి అనేదాన్ని. ఒప్పు పోలిక కంటే అదే బాగా పనిచేసింది.

బీరువాలో టెలిస్కోప్

మళ్ళీ ఆళ్లగడ్డకు బదిలీ అయినప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ మంచివాడే కానీ మహా భయస్తుడు. సైన్స్ ఫెయిర్ కోసం ఎవరో పిల్లలు ప్లాస్టిక్ గొట్టంతో చేసిన చిన్న టెలిస్కోప్ ఒకటి ఆయన బీరువాలో ఉండేది. అడిగినప్పుడల్లా, "అద్దం పగిల్తే ఎవరు జవాబు చెప్పాల మేడం? అయినా అది సిలబస్‌లో ఉండాదా?" అనేవాడు.

ఒకరోజు నాకు విసుగొచ్చి, "సార్, లోపల పెడితే బూజు పట్టి పోతుంది, బయట వాడితే పగిలి పోతుంది. ఎట్లాగూ పోయేదాన్ని వాడుకుని పోగొట్టుకుందాం," అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఎండాకాలం సెలవుల్లో అయితే ఎవరూ అడగరని తాళం చెవి ఇచ్చాడు. ఇట్లాంటి పైఅధికారులు మీకూ దొరుకుతారు. పోట్లాడకండి, వాళ్ళ భయానికి ఒక దారి చూపించండి. ఆ ఎండాకాలం టెలిస్కోప్ నా చేతిలో లేకపోతే ఇప్పుడు చెప్పబోయేది జరిగేదే కాదు.

వకుళ

వకుళ అహోబిలం నుంచి బస్సులో వచ్చేది. అర్చకుల, పండితుల కుటుంబం. నా సర్వీసులో చూసిన చురుకైన పిల్లల్లో ఆమె ఒకతి. ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో ఫెయిలైంది. నవ్వకండి. ఆమె ఒకే ప్రశ్న దగ్గర కూర్చుండిపోయే రకం. గ్రహగతుల మీద వచ్చిన ప్రశ్నకు పేజీలకు పేజీలు రాస్తూ కూర్చుంది, మిగతావి ముట్టుకోకముందే బెల్లు కొట్టేశారు. మన పరీక్షలు అట్లాంటి పిల్లల కోసం పుట్టలేదు.

రిజల్ట్ వచ్చిన కొన్నాళ్ళకు ఫోన్ చేసింది.

"మేడం, నాకు లగ్నం పెట్టినారు."

"ఎప్పుడే?"

"ఫిజిక్స్ సప్లిమెంటరీ రోజే. శుక్ర మూఢం వస్తాంది గదా, అది రాకముందే అయిపోవాలంటాండారు."

మూఢమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనబడకుండా పోయే రోజులు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. ఆ ఏడు మూఢం అయ్యేసరికి ఆషాఢం వస్తుంది, ఆషాఢంలోనూ చెయ్యరు. ఇప్పుడు కాకపోతే ఇంక శ్రావణమే. అందుకే ఆ తొందర. పెళ్ళయితే పిల్ల తిరుపతి దిక్కు అత్తగారింటికి పోతుంది. ఫెయిలైన పిల్లను మళ్ళీ పరీక్షకు పంపే అత్తగారిని నేనైతే చూడలేదు.

"నేనొచ్చి మీ నాయనతో మాట్లాడనా?" అన్నాను.

"రాండి మేడం. మా తాత కూడా మిమ్మల్ని రమ్మంటాండాడు. శుక్రుణ్ని చూడాలంట. మీకాడ టెలిస్కోప్ ఉండాదని చెప్పినా."

వాళ్ళ తాత శేషాచార్యులు పంచాంగం గణించే పండితుడు. ఆయనకొక పట్టుదల ఉండేది. ప్రతి మూఢానికీ ముందు తెల్లవారుజామునో సాయంత్రమో మిద్దెక్కి, శుక్రుణ్ని కళ్ళారా చూసుకున్నాకే ఎవరికైనా ముహూర్తం చెప్పేవాడు. వయసు మీదపడి ఒక కంటికి ఆపరేషనై, రెండో కన్ను మసకబారాక ముహూర్తాలు కొడుకు చేతికి, అంటే వకుళ నాయన చేతికి పోయాయి. కొడుకు అచ్చు పంచాంగం చూసి చెబుతాడు. వకుళ లగ్నం సంగతి ముసలాయన్ను ఎవరూ అడగనే లేదు.

గొట్టాన్ని పాత చీరలో చుట్టుకుని అహోబిలం బస్సెక్కాను. వకుళ నాయన మర్యాదగా కూర్చోబెట్టాడు. మాట మాత్రం సాగనివ్వలేదు.

"ఒక్క వారం ఆపండి స్వామీ. పిల్ల పరీక్ష రాసేస్తుంది."

"వారం ఆపితే వారంతో పోదు మేడం, శ్రావణం దాకా పోతాది. అంతదాకా సంబంధం నిలబడ్తాదని మీరు పూచీ ఇస్తారా? ఫెయిలైన పిల్లను ఇంట్లో పెట్టుకోని ఏం జెయ్యల్ల?"

ఆయన చెడ్డవాడు కాదు, భయపడుతున్నాడు. తలుపు చాటున వకుళ నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం చూడలేక, "పెద్దాయనకు శుక్రుణ్ని చూపించి వెళ్ళిపోతాను," అని లేచాను.

పొద్దు గూకింది. మిద్దె మీది నుంచి పడమటి వైపంతా మైదానమే. ఆళ్లగడ్డ దిక్కున కిందుగా శుక్రుడు మెరుస్తున్నాడు. వకుళే గొట్టాన్ని ఇటుకల మీద నిలబెట్టి సర్దింది. తాతను చెయ్యి పట్టుకుని తెచ్చి, మంచి కన్ను ఆనించింది.

ఆయన చాలాసేపు చూశాడు.

"నెలవంక గదే ఇది. నేనడిగింది శుక్రుణ్ని."

"అదే శుక్రుడు తాతా."

"ఏందీ?"

"ఆయప్పకు సొంతంగా వెలుగులేదు తాతా, చంద్రుని మాదిరే. సూర్యుని వెలుగు పడిన పక్కే మెరుస్తాది. ఇప్పుడు శుక్రుడు మనకూ సూర్యునికీ నడుమకు వస్తాండాడు. వెలుగు పడే పక్క ఆ దిక్కు, వీపు మన దిక్కు. అందుకే అంచు మాత్రమే కనబడ్తాండాది. ఇంక కొన్నాళ్ళకు అదీ పోతాది."

"మరి ఒక మూఢం చిన్నది, ఒకటి పెద్దది ఎందుకొస్తాది?"

"ఇట్ల మన దగ్గర్నుంచి పోయేటప్పుడు సర్రున దాటిపోతాడు, అది చిన్నది. సూర్యునికి ఆ పక్కనుంచి పోయేటప్పుడు నిదానంగా సాగుతాడు, అది పెద్దది."

ఫెయిలైన పిల్ల చెప్పింది ఇదంతా! ఒక్క మాట సవరించాల్సిన పని లేదు.

ముసలాయన మళ్ళీ కన్ను ఆనించాడు. తర్వాత కొడుకును పైకి పిలిచాడు.

"చూడు," అన్నాడు. కొడుకు వంగి చూశాడు.

"మూఢం పట్టే ముందు కొన్ని దినాలు శుక్రుడు వృద్ధుడు, మూఢం విడిచి లేచినంక కొన్ని దినాలు బాలుడు, ఆ దినాల్లో పెండ్లి కూడదు అని శాస్త్రం. నువ్వు చదివినావా లేదా?"

"చదివినా నాయనా. ఇప్పుడు దాన్ని ఎవరు పట్టించుకుంటాండారు? మగపెండ్లివాళ్ళ పురోహితుడే పెట్టినాడు ఈ లగ్నం."

"వాడు చూడకుండా పెట్టినాడు. నువ్వు చూసినావు గదా ఇప్పుడు? ఎంత సన్నగిల్లినాడో చూసినంక కూడా చేస్తానంటావా? నాకు ఇష్టం లేదు. నేను అక్షింతలు వెయ్యను."

ఆ ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. కొడుకు కిందికి దిగి మగపెండ్లివాళ్ళకు ఫోన్ చేశాడు. అవతలివాళ్ళూ శాస్త్రం తెలిసినవాళ్ళే, కాదనలేకపోయారు. శ్రావణానికి మార్చుకున్నారు. వకుళ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తిరుగు బస్సులో నాకు సంతోషంతో పాటు ఒక ముల్లు కూడా గుచ్చుకుంటూనే ఉంది. నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. గ్రహం నెలవంకలా కనబడటానికీ మనుషుల పెళ్ళిళ్ళకూ సంబంధం లేదని ఆ మిద్దె మీద చెప్పాల్సినదాన్ని నేనే. చెబితే పిల్ల పరీక్ష పోతుంది. చెప్పకపోతే నా చదువు పోతుంది. నేను నోరు మూసుకున్నాను. కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఇక్కడ తిట్టుకున్నా సరే, మళ్ళీ ఆ మిద్దె మీద నిలబెడితే మళ్ళీ అదే చేస్తాను. కానీ ఆ ముసలాయనకు అబద్ధం అమ్మినట్టు అనిపించి కొన్నాళ్ళు మనసు మనసులో లేదు.

వకుళ పరీక్ష రాసింది. ఈసారి బెల్లు కొట్టకముందే అన్నీ రాసిందట.

కొన్ని రోజులకే, మూఢం నడుస్తుండగా, శుక్రుడు సరిగ్గా సూర్యబింబం మీదుగా దాటే పొద్దు వచ్చింది. మన తరంలో మళ్ళీ రాదు. శేషాచార్యులు కబురు పంపాడు, చూపించమని. తెల్లవారకముందే బయలుదేరి పోయాను. నల్లమల కొండలు దాటి సూర్యుడు పైకి వచ్చేదాకా మిద్దె మీద కాచుకున్నాం. గొట్టంలోంచి సూర్యుణ్ని ఎవరూ చూడకూడదు, కళ్ళు పోతాయి. అందుకని వెనక తెల్ల అట్ట పట్టుకుని, దాని మీద సూర్యబింబాన్ని పడనిచ్చాం. ఆ తెల్లటి గుండ్రంలో మిరియం గింజంత నల్లచుక్క, నిదానంగా జరుగుతూ ఉంది.

"అదేనా?" అన్నాడు ఆయన. అట్టను ముఖానికి దగ్గరగా పెట్టించుకున్నాడు. "మూఢంలో శుక్రుణ్ని చూసినోళ్ళు మా వంశంలో ఎవరూ లేరమ్మా. నేను చూస్తి." ఆయన కళ్ళు తడిశాయి. నావీ తడిశాయి, దాచుకోవడం దేనికి. కొడుకు కూడా వచ్చి వంగి చూశాడు, అందరికీ కాఫీ తెస్తానని కిందికి పోయాడు. వకుళ అట్ట సర్దడంలో ఉంది.

ఇదే సమయమని నేను ఆయన పక్కకు జరిగి, "స్వామీ, ఆ పొద్దు నేనొక మాట చెప్పకుండా పోయినాను," అన్నాను. "శుక్రుడు సన్నబడటం వట్టి వెలుగునీడల సంగతి. దానికీ పెండ్లికీ..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ మాట ఆ పొద్దే యాడ అంటావోనని నేను సచ్చేంత భయపడ్తి గదమ్మా. మా వాని ముందర నువ్వు అది అనింటే పిల్ల పరీక్ష పోయేది."

నేను అట్ట దగ్గరున్న వకుళ వైపు చూశాను.

"పాసవుతాదా?" అని అడిగాడు.

"అవుతుంది స్వామీ."

"అయితే నంద్యాలలో డిగ్రీకి సీటు చూడు. శ్రావణం సంగతి నాకు ఇడ్సిపెట్టు. పంచాంగంలో అడ్డంకులకేం కొదవ?"

మాట నిలబెట్టుకున్నాడు. వకుళ డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ ఇంటి పంచాంగంలో ఒక్క మంచి ముహూర్తమూ దొరకలేదు.